ఎడమ వైపు బ్యాట్

పోయిన నెల ఒక శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి నన్ను రియాద్‌లో ఒక ప్రదర్శనకు లాక్కుపోయింది. పాత వీడియో గేములన్నీ ఒకచోట పెట్టారట. హాలులో మొదటి వరస అంతా ఇళ్ళలో టీవీలకు తగిలించుకున్న తొలినాటి పెట్టెలు. వాటిలో ఒకదాని పక్కన పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాలు వేలాడుతున్నాయి. అప్పటి పెట్టెకు రంగులు చూపించడం రాదు కాబట్టి ఆ కాగితాన్ని టీవీ అద్దానికి అంటించుకుని, ఆకుపచ్చ మైదానం మీద ఆడుతున్నామని అనుకునేవారని అక్కడున్న అమ్మాయి చెప్పింది. సౌదీ అమ్మాయే, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళుంటాయి, మెడలో బ్యాడ్జీ, చేతిలో మైకు. నేను ఈ దేశంలో పెరిగిన రోజుల్లో అలాంటి పిల్ల అలాంటి హాలులో నిలబడి అపరిచితులతో మాట్లాడటం ఊహకు కూడా అందేది కాదు. నాలుగో బల్ల మీద మా పెట్టె కనబడింది. మాదే కాదు, మా దానిలాంటిది. నల్లటి మూత, దానికి రెండు పొట్టి వైర్లు, ఒక్కో వైరు చివర ఒక్కో గుండ్రటి తిప్పుడు బిళ్ళ. "ఆడి చూస్తారా మేడమ్? దీనికి ఇద్దరు కావాలి, ఇది తనంతట తను ఆడలేదు" అంది ఆ అమ్మాయి ఇంగ్లీషులో. తెలుసన్నాను. మా అమ్మాయి కుడి వైపు కూర్చుంది. నేను ఎడమ వైపు కూర్చోలేకపోయాను. కాళ్ళు నొప్పులని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆ పెట్టె మా ఇంటికి వచ్చేనాటికే పాతబడింది. మేం అప్పుడు సౌదీలోనే బురైదా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ అక్కడి ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో నర్సు. నాన్న ఊరికి దూరంగా, గోధుమ పొలాల్లో బోరు పంపుల ఇంజనీరు. ఆయన వారమంతా కంపెనీ క్యాంపులోనే ఉండి గురువారం మధ్యాహ్నం ఇంటికి వచ్చేవారు. గుమ్మం బయటే బూట్లు విప్పి, ఇసుక దులిపి, తలపాగాలా చుట్టుకున్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని గాని లోపలికి అడుగు పెట్టేవారు కాదు. చేతిలో ఎప్పుడూ ఒక సంచీ నిండా దోసకాయలో వంకాయలో ఉండేవి. ఒక గురువారం దోసకాయల బదులు ఒక అట్టపెట్టె, చిన్న టీవీ తెచ్చారు. క్యాంపులో పనిచేసే అమెరికా ఇంజనీరొకాయన ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోతూ, ఇంట్లో పిల్ల ఉంది కదా తీసుకుపొమ్మని ఇచ్చేశాడట. మా ఇంట్లో రెండు రకాల ప్లగ్గులుండేవి, నూటపది వోల్టులవి, రెండువందల ఇరవైవి. ఆ పెట్టెను రెండో రకంలో పెడితే మాడిపోతుందని నాన్న గోడ మీద స్కెచ్ పెన్నుతో పెద్ద ఇంటూ మార్కు వేశారు. తర్వాత టీవీ వెనక స్క్రూలు విప్పి ఒక డబ్బీ బిగించి, మూడో ఛానల్ పెట్టారు. నల్లటి తెర మీద మధ్యలో ఒక చుక్కల గీత, అటొక తెల్ల గీత, ఇటొక తెల్ల గీత, మధ్యలో చతురస్రంలా ఒక బంతి. అంతే ఆట. ఆ గీతల్ని మేం బ్యాట్లు అనేవాళ్ళం. బంతి తగిలినప్పుడల్లా టక్ మనేది. తగిలిన కొద్దీ వేగం పెరిగేది.

అప్పటికే మా ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఒకరిద్దరి ఇళ్ళలో క్యాసెట్లు మార్చి రకరకాల ఆటలు ఆడుకునే కొత్త పెట్టెలు వచ్చాయి. వాటిలో రంగులుండేవి, బొమ్మలు గెంతేవి, ఒక్కరే కూర్చుని గంటల తరబడి ఆడుకోవచ్చు. మా పెట్టెతో అది కుదరదు. అవతల మనిషి లేకపోతే బంతి ఖాళీగా పోయి పోయి మనకే పాయింట్లు పడతాయి. నాకు తోబుట్టువులు లేరు. అందుకని అమ్మే ఆడాలి.

అమ్మ పొద్దున్న ఏడింటికి డ్యూటీ ఎక్కి మూడున్నరకు ఇంటికి వచ్చేది. వస్తూనే ఫినాయిలు వాసన, స్పిరిట్ వాసన కూడా వచ్చేవి. ఛాతీ మీద తలకిందులుగా పెట్టుకున్న వాచీ తీసి మేకుకు తగిలించి, స్నానం చేసి, జుట్టు గట్టిగా ముడేసుకుని టీ పెట్టుకునేది. వేసవిలోనైతే గదిలో కూలర్ తిరుగుతుంటే తడిసిన గడ్డి వాసన. ఆ టీ గ్లాసు పట్టుకుని చాప మీద, గోడకు ఆనుకుని ఎడమ వైపు కూర్చునేది. అది తన చోటు. "ఒక్క ఆటే, తర్వాత అన్నం వండాలి" అనేది గాని మూడాటలకు తక్కువ లేచేది కాదు. వార్డులో పద్ధతికి నిలబడే మనిషి, నవ్వు కూడా కొలిచి నవ్వే మనిషి, ఆ పెట్టె ముందు మాత్రం పంతం పట్టేది. బిళ్ళను రెండు వేళ్ళతో, సూది పట్టుకున్నంత నాజూకుగా తిప్పేది. ఆ చలికాలమంతా నేను ఒక్కసారి కూడా గెలిచిన గుర్తు లేదు.

ఎండలు ముదిరే రోజులకు నేను గెలవడం మొదలుపెట్టాను. ముందు ఒకటీ అరా, తర్వాత ప్రతి రోజూ. పదకొండేళ్ళ పిల్లకు అంతకన్నా ఆనందం ఏముంటుంది. గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకునేదాన్ని. అమ్మ అలసిపోయి ఓడిపోతోందని కూడా అనుకోలేదు, నాకే ఆట వచ్చేసిందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గీతలు పెట్టుకున్న చెయ్యి మీద కోపం వస్తుంది.

ఒకరోజు మధ్యలో అమ్మ "నా బ్యాట్ ఏదే?" అంది. అక్కడే ఉందన్నాను. తల అటు తిప్పి చూసి, "ఆఁ, ఉంది" అంది. మళ్ళీ బంతి కదిలింది. బంతి నా వైపు వచ్చినంతసేపూ అమ్మ కళ్ళు దాని వెంటే వచ్చాయి. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి బిళ్ళను గుడ్డిగా తిప్పుతోంది. ఆ రాత్రి భోజనాల దగ్గర "పచ్చడి వెయ్యలేదేంటే నాకు?" అని అడిగింది. పచ్చడి ఆమె కంచంలోనే ఉంది, ఎడమ పక్కన. నేను కంచాన్ని కొంచెం తిప్పాను. అమ్మ పచ్చడి కలుపుకుని తినేసింది.

మర్నాడు సాయంత్రం వైర్లు చిక్కుపడ్డాయని అబద్ధం చెప్పి ఆమెను కుడి వైపు కూర్చోబెట్టాను. అమ్మ పదిహేను పాయింట్లు కొట్టింది. నేను నాలుగు. చలికాలంలో ఎలా ఆడేదో అలాగే ఆడింది, ఆ రెండు వేళ్ళ నాజూకుతో. మళ్ళీ ఎడమకు మార్చాను. ఒక్కటి కూడా కొట్టలేదు.

"అమ్మా, నీకు ఎడమ వైపు కనపడటం లేదా?"

అమ్మ పెట్టె స్విచ్ ఆపేసింది. తెర మీద తెల్లటి చుక్క చిన్నదై చిన్నదై పోయింది.

"ఎవరికన్నా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. మీ నాన్నకి కూడా."

"డాక్టరుకి చూపించుకోవచ్చుగా అమ్మా. నువ్వుండేదే ఆసుపత్రిలో."

"అందుకే చూపించుకోను." గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం చాప అంచును నలుపుతున్నాయి. "వచ్చే నెలలో కాంట్రాక్టు పొడిగించడానికి మెడికల్ పరీక్ష ఉంది. అక్షరాల బోర్డు ఒకటే చదివిస్తారు. చివరి వరస దాకా చదవగలను, మొన్న చూసుకున్నాను. అది అయిపోనీ. ఈ ఇల్లు నా డ్యూటీ మీద ఇచ్చారు సలోమీ. అది పోతే నువ్వూ నేనూ ఎక్కడుంటాం? నాన్న క్యాంపులో ఆడవాళ్ళని ఉండనివ్వరు. ఇద్దరం ఇండియాకి పోవాలి, ఆయనొక్కడూ ఇక్కడ. మాటివ్వు."

ఇచ్చాను. ఆ రోజుల్లో మాటిచ్చామంటే దేవుడు విన్నాడని మా ఇంట్లో నమ్మకం.

ఆ మాటను మూడు వారాలు మోశాను. మా క్వార్టర్స్‌కూ ఆసుపత్రికీ మధ్య పెద్ద రోడ్డు. నాకు చదువు చెప్పే కేరళ టీచర్ ఇల్లు ఆసుపత్రి పక్కనే. అందుకని పొద్దున్నే ఇద్దరం కలిసే దాటేవాళ్ళం. ఈ దేశంలో బళ్ళు రోడ్డుకు కుడి వైపున నడుస్తాయి కాబట్టి, రోడ్డులో అడుగు పెట్టగానే ముందు ఎదురయ్యే బండి ఎడమ నుంచే వస్తుంది. అదివరకు నేను అమ్మ కుడి చెయ్యి పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎడమ వైపుకు మారాను. ఎందుకు మారానో అమ్మ అడగలేదు. ఒకరోజు నా చెప్పు తెగి, వంగి సరిచేసుకుంటుంటే అమ్మ ఒక్కతే రోడ్డులోకి దిగింది. మేత గడ్డి వేసుకున్న పికప్ ఒకటి వస్తోంది. పరుగెత్తి, యూనిఫారం మీద వేసుకున్న నల్లటి అబాయా పట్టి వెనక్కి లాగాను. బండి బ్రేకు వేసి, పక్కకు కోసుకుపోయి ఇసుకలో ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు. పాకిస్తాన్ అతను, గడ్డం నెరిసింది. "బాజీ, దేఖ్ కే చలో. బచ్చీ సాథ్ హై" అన్నాడు, చూసి నడువు అక్కా, పిల్ల వెంట ఉంది అని. అమ్మ "మాఫ్ కీజియే భాయ్" అని, కింద పడ్డ టిఫిను డబ్బా తీసుకుని, మూత సరిగ్గా పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. అంత పెద్ద గేటులో ఎడమ భుజం ఇనుప స్తంభానికి తగిలించుకుంది.

ఆ వారం నాన్న వచ్చేవరకు రోజులు లెక్కపెట్టుకున్నాను. నోటితో చెప్పనని మాటిచ్చాను. నోటితో చెప్పకుండా ఎలా చెప్పాలా అని ఒకటే ఆలోచన.

శుక్రవారం పొద్దున్న మా ఇంట్లో ప్రార్థన. అప్పట్లో ఈ దేశంలో క్రైస్తవ ప్రార్థనలకు అనుమతి లేదు, పక్కింటికి వినపడకూడదు. కర్టెన్లు వేసి, కూలర్ శబ్దం పెంచి, పాటను పెదాల మీదే పాడుకునేవాళ్ళం. వాక్యం చదవడం అమ్మ పని. ఆ రోజు అమ్మ చదువుతుంటే ప్రతి వరసలో మొదటి మాట పోతోంది. నాన్న కళ్ళు తెరిచి ఒకసారి చూసి, నిద్ర చాలలేదనుకున్నారేమో, మళ్ళీ మూసుకున్నారు. భోజనాలయ్యాయి. ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర. చెయ్యి కడుక్కుని వచ్చి టీవీ పెట్టాను.

"ఇవాళ మీరిద్దరూ ఆడండి నాన్నా. నేను చూస్తాను. అమ్మ తన చోటులో కూర్చుంటుంది."

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. తలనొప్పి అనొచ్చు, పనుంది అనొచ్చు. అనలేదు. వచ్చి ఎడమ వైపు, గోడకు ఆనుకుని కూర్చుంది.

మొదటి రెండు బంతులు పోతే నాన్న నవ్వారు. "ఏంటి రత్నం, ముసలాడు కదా అని వదిలేస్తున్నావా?" ఐదో బంతికి నవ్వు తగ్గింది. ఏడో బంతి అమ్మ బ్యాటుకు జానెడు దూరంలో వెళ్ళింది, అమ్మ బిళ్ళను అవతలి వైపుకు తిప్పింది. నాన్న తన బిళ్ళ కింద పెట్టేశారు. బంతి తనంతట తనే ఎగురుతూ పోతోంది. ఆయన అమ్మ పక్కకు, ఎడమ వైపుకు జరిగి కూర్చుని, జేబులోంచి బండి తాళాలు తీసి చెవికి కాస్త ముందుగా పట్టుకున్నారు.

"రత్నం, టీవీ వైపే చూడు. నా చేతిలో ఏముంది?"

అమ్మ టీవీ వైపే చూస్తూ అడిగింది. "ఏ చేతిలో?"

నాన్న చెయ్యి దించలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సరిగ్గా తెలియదు. రెండు నెలలుంటుంది."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే ఆ జబ్బేంటో తెలిసిపోతుంది కదండీ" అంది అమ్మ. ఉద్యోగం, ఇల్లు, మెడికల్ అని నాకు చెప్పినవేవీ ఆయనకు చెప్పలేదు. నేను గోడ మూల నిలబడి, "నేనేం చెప్పలేదమ్మా" అన్నాను. అమ్మ నా వైపు తిరగలేదు. "తెలుసులే" అంది.

శనివారం పొద్దున్న అమ్మ ఎప్పటిలా యూనిఫారం వేసుకుంది, వాచీ పెట్టుకుంది. నాన్న క్యాంపుకు వెళ్ళలేదు. నన్ను ఎవరి దగ్గరా వదలడం ఇష్టం లేక ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. కళ్ళ డాక్టరు నర్సింలు గారు, వరంగల్ ఆయన. అమ్మను చూసి లేచి నిలబడ్డారు.

"ఏంది సిస్టర్, పొద్దుగాలనే వచ్చిన్రు?"

అమ్మ చెప్పింది. రోగి గురించి చెప్పినట్టే, ముందు ఏమైంది, తర్వాత ఏమైంది, వరసగా. ఆట సంగతి కూడా చెప్పింది. గది గోడకు ఒక పెద్ద నల్ల గుడ్డ కట్టి ఉంది, మధ్యలో తెల్ల చుక్క. ఆయన అమ్మను దాని ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, మధ్య చుక్కనే చూడమని, నల్లటి పుల్ల చివర తెల్ల గుండుసూది పెట్టి అంచుల నుంచి లోపలికి జరుపుతూ వచ్చారు. కనపడగానే చెప్పాలి. కుడి వైపు అంచులోనే అమ్మ "ఉంది" అంది. ఎడమ వైపు ఆ పుల్ల కదులుతూనే ఉంది, కదులుతూనే ఉంది. మధ్య చుక్కకు దగ్గరగా వచ్చాక అమ్మ "ఇప్పుడు" అంది. రెండో కన్ను మూసినా అంతే.

"రెండు కండ్లల్ల ఒక్క దిక్కే పోయింది సిస్టర్. ఇది కంటి బీమారి కాదు, మీకు తెల్వంది కాదు" అన్నారు ఆయన పుల్ల పక్కన పెట్టి. "ఇన్ని రోజులెందుకు ఊకున్నరు?"

"భయమేసి" అంది అమ్మ. ఆమె నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

రియాద్ పెద్దాసుపత్రికి పంపించారు. తల వెనక భాగంలో, కుడి వైపు ఒక గడ్డ. ఆపరేషన్ రోజున నాన్నా నేనూ ఆసుపత్రిలో కూర్చోలేక, పొద్దున్న ఆమెను లోపలికి తీసుకువెళ్ళాక, మనవాళ్ళ దుకాణాలుండే బతా బజారుకు వచ్చాం. సెలవు రోజైన శుక్రవారం కాదు కాబట్టి జనం పలచగా ఉన్నారు. ఒక మెస్సులో పప్పూ అన్నం పెట్టించుకుని ఇద్దరం ముట్టుకోకుండా కూర్చున్నాం. మెస్సాయన, రాయలసీమ మనిషి, వచ్చి "ఏమప్పా, బాగలేదా?" అని అడిగాడు. నాన్న సంగతి చెప్పారు. ఆయన ప్లేట్లు తీసేసి, రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి పెట్టి, మా ఎదురుగా కూర్చున్నాడు. గిరాకీ పిలుస్తున్నా లేవలేదు. మధ్యాహ్నం నమాజుకు పిలిచే అజాన్‌కు షట్టర్లు దించితే, చీకటిపడ్డ ఆ దుకాణంలో, కొత్తిమీరా నూనే కలిసిన వాసనలో ముగ్గురం అలాగే ఉన్నాం. షట్టరు లేచాక ఆసుపత్రికి తిరిగి వెళ్ళాం. సర్జన్ బయటికి వచ్చి గడ్డ మొత్తం వచ్చేసిందని, చెడ్డది కాదని చెప్పినప్పుడు నాన్న ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ప్రాణం దక్కింది, ఎడమ వైపు చూపు దక్కలేదు. కొంచెం వచ్చి ఆగిపోయింది. మెట్రన్ అమ్మను పంపించెయ్యలేదు. టీకాల గదిలో బల్ల ముందు కూర్చుని చీటీలు రాసే పని ఇచ్చింది. కాగితం ఎడమ అంచున ఎర్ర స్కేలు పెట్టుకుని, దాని దాకా చూపు తీసుకువెళ్ళి వరస మొదలుపెట్టడం అమ్మ నేర్చుకుంది. ఇల్లు నిలబడింది. మరో నాలుగేళ్ళు అక్కడే ఉన్నాం. అమ్మ వార్డులోకి మాత్రం మళ్ళీ అడుగు పెట్టలేదు. బిడ్డల ఏడుపులు వినపడే ఆ వరండా మీదుగా వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేది. పని పోయిన బాధ అనుకునేవాళ్ళం.

ఇప్పుడు నేను ఏటా కళ్ళ పరీక్షకు వెళ్తే ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి చేతికి బటన్ ఇస్తారు. మెరుపు కనపడినప్పుడల్లా నొక్కాలి. ఐదు నిమిషాల్లో కాగితం వచ్చేస్తుంది, ఎంత చూపు ఎక్కడ పోయిందో అంతా మచ్చలుగా. మా అమ్మాయి తన గదిలో తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తొడుక్కుని, ఎక్కడెక్కడో ఉన్న వాళ్ళతో ఆడుతుంది. నవ్వుతుంది, కేకలు వేస్తుంది, వాళ్ళ పేర్లన్నీ తెలుసు. వాళ్ళలో ఒకరి చూపు తగ్గుతుంటే ఆమెకు తెలుస్తుందా అని అడగాలనిపిస్తుంది గాని అడగను. నేను మా అమ్మ పక్కన చాప మీద కూర్చుని కూడా వారాల తరబడి నా గెలుపునే చూసుకున్నాను.

చాలా ఏళ్ళు నాలో ఒక గర్వం ఉండేది. ఆ శుక్రవారం నేను ఆ ఆట పెట్టకపోతే అమ్మ దక్కేది కాదని. అమ్మ పోవడానికి ముందు ఏడాది, విజిట్ వీసా మీద మా దగ్గర రియాద్‌లో మూడు నెలలు ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుళ్ళు ఒలుస్తుంటే ఆ మాట బయటికి అనేశాను. అమ్మ చేతిలోని చిక్కుడు గింజలు గిన్నెలో వేసింది.

"నువ్వు ఆట పెట్టకపోయినా శనివారం వెళ్ళేదాన్నే" అంది. "దానికి ముందు రోజు, ఆ గురువారం, వార్డులో నా వంతు పన్నెండు మంచాలు. అందరికీ పాలు పట్టాను, జ్వరాలు చూశాను, రాసుకున్నాను. డ్యూటీ దిగేటప్పుడు కొత్తగా వచ్చిన సిస్టరు పిలిచింది. ఎడమ చివర ఇంకొక మంచం ఉంది సిస్టర్, పొద్దున చేర్చారు, మీరు చూళ్ళేదా అని. ఎనిమిది గంటలు సలోమీ. ఒక్కసారి కూడా ఆ బిడ్డ దగ్గరికి వెళ్ళలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఊరికే నోరు తెరుస్తోంది."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "బతికిందా అమ్మా?"

"బతికింది. ఆ సిస్టరు ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, మీ నాన్నకి కూడా. ఏడుపు వినపడుతూనే ఉంది నాకు, పొద్దుట్నుంచీ. అవతల వార్డులో ఎవరి బిడ్డోలే అనుకున్నాను."

అమ్మ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు, గింజలు కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. నేను లేచి వెళ్ళి ఆమె ఎడమ పక్కన నిలబడ్డాను.